అంబరు వాసన

చాకలి నర్సింగమ్మకు ఊళ్ళో ఏ బట్ట ఎవరిదో కళ్ళతో చూడనక్కర్లేదు. మూట విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. కరణం గారి పంచెకు నశ్యం వాసన, కోమటి సుగుణమ్మ చీరకు ఇంగువ వాసన, మాలీపటేలు తలగుడ్డకు చుట్ట వాసన. ఒక్క గడీ మూట దగ్గరే ఆమె ముక్కు తప్పు చెప్పేది. దొర అంగీ దొరసాని రవికా పక్కపక్కన పెడితే ఏది ఎవరు విడిచిందో తెలిసేది కాదు. ఇద్దరిదీ ఒకటే అత్తరు.

దాని పేరు అంబరు. ఏడాదికోసారి పట్నం నుంచి వచ్చే అత్తరు సాయిబు గడీ అరుగు మీద పెట్టె తెరిచి, "ఇది మగోళ్ళకని ఆడోళ్ళకని లేదు దొరా. ఎవరి ఒంటి మీద పడితే వాళ్ళదైతది. ఎండల తియ్యగుంటది, చలిల వెచ్చగుంటది" అని చెప్పాడట. సరుకు అమ్ముకునేవాడు వెయ్యి చెబుతాడు గానీ ఈ మాటలో మాత్రం అబద్ధం లేదని నర్సింగమ్మే సాక్ష్యం చెప్పేది. గులాబు ఒక్క జాడింపుకే పోతుంది. మల్లె ఉబ్బ ఆవిరిలో ఉడికితే పోతుంది. అంబరు చౌడు మట్టికి లొంగదు, ఉబ్బకు లొంగదు. పోయిందిలే అనుకుని ఆరేసి, మడతపెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించగానే బెల్లం పాకం పొయ్యి మీద తిప్పుతున్నట్టు మళ్ళీ లేస్తుంది. అప్పుడామె పెట్టె పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చునేది.

"ఇస్త్రీ చేస్తున్నవా, ఊదు పట్టిచ్చుకుంటున్నవా?" అనేవాడు మొగుడు గురవయ్య.

ఆ ఏడు యుద్ధం పేరు చెప్పి బట్టకు కంట్రోలు పెట్టారు. రామన్నపేటకు నడిచి వెళ్ళి పొద్దంతా నిలబడ్డా రెండు గజాల గుడ్డ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అలాంటి రోజుల్లో కురుమ లింగస్వామికి సంబంధం వచ్చింది. లింగస్వామి గడీలో జీతగాడు. తెల్లారితే దొర బావి దగ్గర మోట తోలడం, పొద్దుగూకితే ఎడ్లకు మేత వేయడం. ఇరవై రెండేళ్ళ వాడికి ఒంటి మీద ఉన్నది గొంగడి, గోచీ. అవే పండగకీ, అవే పనికీ.

"అత్తా, ఒక్క దినానికి అంగి ఇయ్యవా? రేపు మునిపంపులకు పిల్లను చూడవోతున్నం. గీ గొంగడి మీద పోతే, పిలగాడు రాలే, పొట్టేలొచ్చిందంటరు" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడి.

నర్సింగమ్మ నవ్వింది. ఒకరి బట్ట ఇంకొకరికి పెళ్ళికో పేరంటానికో ఇవ్వడం చాకలి ఇంట్లో కొత్తేమీ కాదు. ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగరు. తన పంచె ఎదుటివాడి నడుముకు కనిపిస్తే ముఖం పక్కకు తిప్పుకుని పోవడమే మర్యాద. అయితే దానికో కట్టు ఉంది. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పింది: ఉతికింది ఇయ్యాలె, విడిచింది ఇయ్యద్దు. ఉతికిన బట్టల మనిషి ఉండడు, విడిచిన దాంట్ల ఉంటడు. గడీ బట్ట అయితే ఉతికింది కూడా ఇయ్యద్దు.

ఇరవై ఏళ్ళు ఆ మాట జవదాటని నర్సింగమ్మ ఆ సాయంత్రం రెండు కట్లూ ఒక్కసారే తెంపింది. ఉతికిన వాటిలో లింగస్వామి భుజాలకు పట్టేవి లేవు, నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. దొర ఒక్కపూట తొడిగి విడిచిన పల్చటి మల్లు అంగి అప్పుడే మూటలోంచి బయటపడి ఉంది. ఇల్లంతా అంబరే. తల్లి తప్ప దిక్కులేని పిల్లవాడు నలుగురిలో కూర్చున్నప్పుడు ఇలా వాసన వస్తే ఎంత బాగుంటుందని ఆమెకు ఆశ పుట్టింది.

జేబులో అత్తరు తడిపిన దూది ఉండ కూడా దొరికింది. దాన్ని ముందు తన మెడకు రెండు పక్కలా రాసుకుంది. తర్వాత లింగస్వామి చెవి మడతలో పెట్టి వేలితో నొక్కింది.

"దొరలు గిట్ల పెట్టుకుంటరు. జర తల కదిలియ్యకు."

వాడు మెడ బిగబట్టి, కళ్ళు మూసుకుని గాలి పీల్చాడు. ఉన్నికీ చెమటకీ ఆ తీపి కలిసి వాడి దగ్గర వాసన మరోలా ఉంది. గడీలో మంచం మీద కూర్చున్న మనిషి కంటే మోట తోలే మనిషి మీదే అంబరు కుదిరింది.

"దొర కంటె నీకే బాగుందిరా" అంది నర్సింగమ్మ. అన్నాక గుమ్మం వైపు చూసుకుంది.

*

సంబంధం ఖాయమైంది. మర్నాడు చీకటి పడకముందే లింగస్వామి అంగి మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. పిల్ల నాయనమ్మ వాడి పక్కన కూర్చుని, "పిలగాని దగ్గర పెండ్లి వాసన వస్తాంది" అన్నదట. పిల్ల తలుపు చాటున నవ్విందట. వాడు చెప్పిందే మూడుసార్లు చెప్పి వెళ్ళాడు. చెవిలో దూది అలాగే ఉంది. నర్సింగమ్మ చూసింది, తీసెయ్యమని అనలేదు.

ఆ మరుసటి రోజు ఇస్త్రీ అయిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని గడీకి పోయేసరికి వాకిట్లో జనం ఉన్నారు. మధ్యలో లింగస్వామి నడుం వంచి, చేతులు మోకాళ్ళకు ఆనించి నిలబడ్డాడు. వీపు మీద తిరగలి బండ. ముక్కు కొస నుంచి చెమట నేల మీద పడుతోంది.

"ఏమైందన్నా?" అని కావలి ఎల్లస్వామిని మెల్లగా అడిగింది.

"మోట కాడికి దొర పోయిండు. గీడు చెమటతోని ఉన్నడు గద, గుప్పుమన్నదట వాసన. చెవుల దూది దొరికింది."

దొర పడక కుర్చీలో కూర్చుని ఆ దూదిని రెండు వేళ్ళతో తిప్పుతున్నాడు. అరవడం లేదు. ఆయన అరిస్తే భయం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు.

"గీ వాసన గీ ఊర్ల రెండు ఒంట్ల మీదనే ఉంటది. ఒకటి నాది. రెండోది లోపల" అన్నాడు.

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు. లోపలి గుమ్మం తెర వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. మగవాళ్ళ అత్తరు వేరు, ఆడవాళ్ళ అత్తరు వేరు అయిన ఇల్లయితే ఇంత దూరం వచ్చేది కాదు. ఒకే సీసా ఇద్దరిదీ కావడంతో జీతగాడి చెవిలో దూది ఎటు నుంచి వచ్చిందన్న ప్రశ్న నేరుగా ఆడవాళ్ళ గదుల్లోకి పోయింది.

"చెప్పురా. ఎవతిచ్చింది?"

"దారిల దొరికింది దొరా."

"జంగిని పిలువుండ్రి."

జంగమ్మ వచ్చింది. దొరసాని పెళ్ళయి వస్తూ పుట్టింటి నుంచి పెట్టెలతో పాటు తెచ్చుకున్న దాసి, ఆడపాప. పదహారేళ్ళుగా అత్తరు పెట్టె తాళం ఆమె కొంగునే ఉంది. పొద్దున్నే దూది ఉండలు చేసి, అత్తరులో తడిపి, ఒకటి దొర పళ్ళెంలో, ఒకటి దొరసాని పళ్ళెంలో పెట్టడం ఆమె పని. దొర చెయ్యి చాపమన్నాడు. ఆమె చాపింది. ఆయన వంగి వాసన చూసి, లింగస్వామి చెవి వైపు చూపించాడు.

"ఇంకేం కావాలె?"

"రోజు నేనే తడుపుత గద దొరా, చేతులకు వాసన రాకుంటె ఎట్ల?" అంది జంగమ్మ. ఆ మాట గాలికి పోయింది.

అప్పుడు దొర చూపు మూట మీద పడింది. "ఏందే నర్సీ, నువ్వొచ్చినంక గూడ వస్తాంది వాసన?"

నర్సింగమ్మకు మెడ మీద రాసుకున్న చోట ఎవరో వేలు పెట్టి చూపిస్తున్నట్టు మండింది. ఎల్లస్వామే అందుకున్నాడు. "చాకలిది దొరా! ఊరి వాసనలన్ని దాని కాడనే ఉంటయి."

అందరూ నవ్వారు. దొర కూడా మూతి విరిచినట్టు నవ్వాడు. నర్సింగమ్మా నవ్వింది. బండ కింద వంగి ఉన్న లింగస్వామి ఒక్కడే నవ్వలేదు. చాపిన చెయ్యి ఇంకా దించని జంగమ్మ నర్సింగమ్మ వైపు చూసింది.

*

ఆ నవ్వు ఆమెను ఇంట్లో కూర్చోనివ్వలేదు. బండ మోసిన వాణ్ణి తలుచుకుంటే దుఃఖం వచ్చింది గానీ, తాను పళ్ళు బయటపెట్టి నవ్విన సంగతి తలుచుకుంటే ఒళ్ళంతా రోత పుట్టింది. అంగి తీసుకుని వాగుకు పోయింది. చౌడు పట్టించి బండకేసి బాదింది. జాడించి మళ్ళీ చౌడు పట్టించింది. మూడోసారి బాదుతుంటే గురవయ్య వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"చినిగిపోతదే. గప్పుడు ఉన్నదాని కంటె పెద్ద లొల్లయితది."

"జంగమ్మను ఏం చేస్తరట?"

"ఎల్లుండి పొద్దుగాల బండి కట్టిస్తరట. దొర బామ్మర్ది గడీకి."

నర్సింగమ్మ బండ మీద కూలబడింది. దొర బావమరిది గడీకి ఇంతకు ముందు ఇద్దరు ఆడపాపలను పంపారు. ఒకతె ఏడాదిలోపే బావిలో తేలింది. రెండో ఆమె సంగతి ఎవరూ అడగలేదు.

"నువ్వు నోరిప్పకు. ఇప్పితే మనకు ఈ ఊర్ల నీళ్ళుండవు, రేవుండదు. గా పిలగానికి గూడ మంచిది గాదు" అన్నాడు గురవయ్య. అతను చెడ్డవాడు కాదు. భయం అతని చేత మాట్లాడించింది. తన భయం కూడా అచ్చం అదే మాటలు అంటోందని ఆమెకు తెలుసు.

సాయంత్రం లింగస్వామి ఇంటికి పోయింది. వాడు బోర్లా పడుకుని ఉన్నాడు. తల్లి బక్కమ్మ వేడి చేసిన ఇటుకను గుడ్డలో చుట్టి వీపు మీద అద్దుతోంది.

"నా పేరెందుకు చెప్పలేదు కొడుకా?"

వాడు ముఖం ఇటు తిప్పాడు. "నీ కోసమే చెప్పలేదనుకోకు అత్తా. దొర అంగి తొడిగినోణ్ణి పానంతోని ఉంచుతరా? దొంగనైనా నయమే అనుకున్న." మళ్ళీ చాప వైపు తిరిగి, "జంగక్కను పిలుస్తరని నాకెర్క లేదు. పిలిచినంక నోరు రాలే" అన్నాడు. వాడి కళ్ళలోంచి నీళ్ళు చాప మీదికి కారాయి.

బక్కమ్మ ఇటుక దించింది. "మునిపంపులోళ్ళ నుంచి మనిషొచ్చి పోయిండు. గడీ ఆడోళ్ళతోని సోపతున్నోనికి పిల్లనియ్యం అన్నరు" అంది. ఆమె నర్సింగమ్మను తిట్టలేదు, పీట కూడా వేయలేదు.

మర్నాడు పొద్దున నర్సింగమ్మ అంగి ఇస్త్రీ చేసింది. మూడుసార్లు చౌడులో బాదిన బట్ట వేడి తగలగానే మళ్ళీ అదే తీపి, అదే వెచ్చదనం. ఎన్నిసార్లు ఆ వాసన కోసం పని ఆపి కూర్చుందో గుర్తొచ్చి, ఈసారి ముక్కు కొంగుతో మూసుకుని పని కానిచ్చింది. మూటలో అంగి అన్నిటికంటే పైన పెట్టింది. గురవయ్య చూశాడు. బయటికి వెళ్ళిపోయాడు.

*

దొర ఒక్కడే ఉన్నాడు. నర్సింగమ్మ మూట దించి, అంగి విప్పి రెండు చేతులా పట్టుకుని నేల మీద కూర్చుంది.

"నీ బాంచెన్ దొరా, తప్పు నాది. గీ అంగి నేనే లింగస్వామికిచ్చిన, పిల్లను చూడవోతుంటె. దూది జేబులుండె. నేనే వాని చెవుల పెట్టిన. జంగమ్మకు ఏం తెల్వది."

చెప్పేసింది. ఇప్పుడు కొడతాడనుకుంది. ఊరు విడిచి పొమ్మంటాడనుకుంది. గురవయ్యను కూడా వంగబెడతాడనుకుంది. మెడ వంచి ఎదురుచూసింది.

"నా అంగి తొడుక్కొని కురుమోడు పిల్లను చూడవోయిండు" అన్నాడు దొర చివరికి. "వాళ్ళేమన్నరు?"

ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. "ఒప్పుకున్నరు దొరా."

దొర ముఖం నల్లబడింది. లేచి గుమ్మం దాకా పోయి, బయట ఎవరూ లేరని చూసి వచ్చాడు. "గీ మాట ఇంకెవరికి చెప్పినవు?"

"ఎవ్వరికి చెప్పలే."

"చెప్పకు. నా అంగి ఎవడు తొడగలే. జంగి దొంగతనం చేసింది, రేపు పోతది. గంతే. సమజైందా?"

"జంగమ్మ ఏం చెయ్యలే దొరా..."

"సమజైందా అని అడిగిన."

"అయింది దొరా."

ఆయన అంగిని వేలి కొసలతో ఎత్తి ఆమె ఒళ్ళోకి విసిరాడు. "నేనింక తొడగ. గురవనికియ్యి."

ఆమె లేచింది. గడీ వాకిలి దాటే దాకా కాళ్ళు తేలికగా నడిచాయి. దెబ్బ పడలేదు, ఊరు పోలేదు, పైగా అంగి దక్కింది. బతికిపోయిన ప్రాణం ఒక్క నిమిషం సంతోషపడింది కూడా. ఆ సంతోషం తెలిసి, ఆమె పశువుల కొట్టం గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది. చెప్పడానికి వచ్చిన దాని నోరు మూయడానికి ఇచ్చింది ఈ అంగి. తాను తీసుకుంది.

కొట్టంలో జంగమ్మ పెండ తీస్తోంది. నిన్నటి నుంచి లోపలికి రానివ్వడం లేదు. చేతులు మోచేతుల దాకా పెండ.

"జంగమ్మా, నేనే..." అంది నర్సింగమ్మ.

"ఎర్కనే" అంది జంగమ్మ గంపలోకి పెండ ఎత్తుతూ. "నిన్ననే తెలిసింది. నీ మెడ కాడ వాసన బట్ట వాసన గాదు, రాసుకున్న వాసన. పదారేండ్ల సంది తడుపుతున్న, గంత తెల్వదా?"

"మరి చెప్పకపోతివి?"

"చెప్తననుకున్న. నువ్వు నవ్వినవు గద, గప్పుడు చెప్తననే అనుకున్న." జంగమ్మ నడుం నిలిపింది. "గని నిన్ను గూడ వంగబెడితె నా చేతుల వాసన పోతదా? నేనెన్నడు ఒక్క చుక్క నా ఒంటికి రాసుకోలే నర్సింగమ్మా. పెట్టె నా కొంగున ఉన్నా రాసుకోలే. దొరసాని ఒక్కసారి రాసుకో అన్నా గూడ వద్దన్న. గిదే భయం. ఇగ ఏం లాభం?"

జంగమ్మ మళ్ళీ వంగి పనిలో పడింది.

*

పొద్దు వాలాక నర్సింగమ్మ గంప, కుండ తీసుకుని బయల్దేరింది. బట్టలు ఉతికినందుకు చాకలికి ఇంటింటా రాత్రి బువ్వ పెట్టడం వాడుక. తన వంతు ఇళ్ళు ఇరవై రెండు. రోజూ ఆమె గుమ్మం ముందు నిలబడి, "అవ్వా, చాకలిదాన్ని" అని పిలుస్తుంది. లోపలి నుంచి ఎవరో వచ్చి గట్కో, సంకటో, ఇంత పులుసో వేసి పోతారు. మాటలుండవు.

ఆ రోజు మొదటి ఇల్లు కోమటి సుగుణమ్మది. ఆమె జొన్న గట్క గంపలో వేసి తిరిగిపోబోయింది.

"సుగుణమ్మా, జర ఆగు. జంగమ్మ దొంగతనం చెయ్యలే. దొర అంగి లింగస్వామికి నేనిచ్చిన. చెవుల దూది నేను పెట్టిన. దొరకు చెప్పిన. ఇనలే."

సుగుణమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. "నాకెందుకు చెప్తున్నవే?"

"అందరికి చెప్తున్న."

రెండో ఇంట్లోనూ అదే చెప్పింది. మూడో ఇంట్లో కోడలు భయపడి బువ్వ వేయకుండానే తలుపు మూసింది. నర్సింగమ్మ మూసిన తలుపుకే చెప్పింది. కరణం గారింట్లో ఆయన అరుగు మీద కూర్చుని నశ్యం పీలుస్తున్నాడు. మాట సగంలో ఉండగానే లేచి లోపలికి పోయాడు. ఆమె ఆయన వీపుకు మిగతా సగం చెప్పింది. ఎక్కడా ఏడవలేదు, ఎక్కడా ఒక్క మాట తగ్గించలేదు. నవ్విన సంగతి కూడా చెప్పింది. ఎవరూ అడగకపోయినా ప్రతి గుమ్మం ముందూ చెప్పింది, "గప్పుడు నేను గూడ నవ్విన" అని.

పదిహేనో ఇంటికి పోయేసరికి కబురు ఆమె కంటే ముందే చేరింది. బువ్వ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డ ముసలమ్మ ఈదమ్మ, "తెలిసిందిలే బిడ్డా, పో. ఇంటికి పోయి తలుపేసుకో" అంది.

"తెలిస్తె తెలిసింది. నా నోటితోని ఇను అవ్వా."

ఈదమ్మ విన్నది. పూర్తిగా విని ఇంకో ముద్ద ఎక్కువ వేసింది.

బక్కమ్మ ఇల్లు ఇరవై ఒకటోది. లింగస్వామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె చెబుతున్నంతసేపూ వాడు తల దించుకునే ఉన్నాడు. వెళుతుంటే గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. వంగిన నడుముతోనే ఆమె వెనక నాలుగడుగుల దూరంలో నడవడం మొదలుపెట్టాడు. వద్దని బక్కమ్మ పిలిచింది. వాడు ఆగలేదు.

మిగిలింది ఒక్క ఇల్లు. గడీ కూడా ఆమె తిరిగే ఇళ్ళలో ఒకటే. వాకిట్లో ఎల్లస్వామి ఆమెను చూసి అడ్డం వచ్చాడు, ఏమనుకున్నాడో మళ్ళీ పక్కకు జరిగాడు. వంటింటి వైపు గుమ్మం ముందు నిలబడి నర్సింగమ్మ రోజూ పిలిచినట్టే పిలిచింది. "అవ్వా, చాకలిదాన్ని."

చాలాసేపు ఎవరూ రాలేదు. రోజూ ఇక్కడ బువ్వ వేసేది జంగమ్మ. లోపల దొర దగ్గు వినిపించింది, కుర్చీ కిర్రుమంది. ఊరంతా తిరిగి చెప్పిన మాట ఇక్కడ చెప్పకుండా పోతే ఎవరూ తప్పుపట్టరు. కాళ్ళు వెనక్కి తిరుగుదామంటున్నాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది.

దొరసాని. చాకలి గంపలో స్వయంగా బువ్వ వేయడానికి ఆమె గుమ్మం దాకా రావడం నర్సింగమ్మ ఎన్నడూ చూడలేదు. అన్నం గిన్నె చేతిలో ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. రెండు రోజులుగా ఆ ఇంట్లో తనను కూడా అదే కంటితో చూశారని ఆ కళ్ళే చెబుతున్నాయి. ఆమె దగ్గర ఈ రోజు అంబరు వాసన లేదు.

"దొరసానమ్మా, జంగమ్మ ఏం చెయ్యలే. నేనే..." నర్సింగమ్మ మాట గుసగుసలా వచ్చింది.

దొరసాని అన్నం వేసింది. గిన్నె ఖాళీ చేసి, తలుపు రెక్కలు రెండూ బార్లా తీసింది. హాలు దాకా కనిపించింది. కుర్చీలో దొర కాళ్ళు కనిపించాయి.

"గట్ల గాదు నర్సింగమ్మా. ఊరందరికి ఎట్ల చెప్పినవో గట్లనే చెప్పు. లోపలికి ఇనపడాలె" అంది.

నర్సింగమ్మ గంప కింద పెట్టింది. లింగస్వామి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె గొంతు సవరించుకుని మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.